వైద్యుని సంశయము ధర్మమా?

సంశయము జ్ఞానమునకు శత్రువని సామాన్యులు తలతురు. గౌతమ మహర్షి మాత్రము న్యాయశాస్త్రమున సంశయమును పదునారు పదార్థములలో నొకటిగా పరిగణించెను. ఏలన, సంశయము లేనిచోట పరీక్షకు ప్రవృత్తి లేదు; పరీక్ష లేనిచోట నిర్ణయము లేదు. చరకసంహితలోని విమానస్థానము సైతము రోగవిశేషమును తెలిసికొనుటకు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము అను మూడుపాయములను చెప్పినది. ఆప్తవాక్యము లభించినను వైద్యుడు రోగిని స్వయముగ పరీక్షింపవలసినదే యని దీని తాత్పర్యము.

అయినను ఒక ప్రశ్న పుట్టును. బాధపడు రోగి యెదుట నుండగా, రెండు చికిత్సలలో ఏది మేలో తెలియక, చీట్లు వేసినట్లు కొందరికి ఒకటియు, కొందరికి మరియొకటియు నిచ్చుట దయాధర్మమునకు విరుద్ధము కాదా? నేటి వైద్యపరిశోధనకు ఈ పద్ధతియే పునాది.

1956లో మదరాసు నగరమున క్షయరోగ చికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. శానిటోరియములో విశ్రాంతి, పుష్టికరాహారము, మంచిగాలి లేనిదే క్షయ నయము కాదని అప్పటి నమ్మకము. రోగులు లెక్కకు మిక్కిలి, మంచములు కొలది. అచటి వైద్యులు 193 మంది రోగులను యాదృచ్ఛికముగ రెండు వర్గములు చేసి, ఒక వర్గమును శానిటోరియమునందును, రెండవ వర్గమును వారి యిండ్లయందే యుంచి, ఒకే మందులతో ఏడాదిపాటు చికిత్స చేసిరి. ఇండ్లలో నున్నవారికి ఇరుకు వసతి, చాలీచాలని తిండి. 1959లో ఫలితములు వెలువడెను. ఇంటి చికిత్స శానిటోరియము చికిత్సకు దాదాపు సమానమని తేలినది. ఇంటనున్న రోగుల వలన కుటుంబమువారికి వ్యాధి సోకుట అధికము కాలేదనియు తరువాత రుజువైనది. బిడ్డలను విడిచి తల్లి నెలల తరబడి దూరమున నుండనక్కరలేదని లోకము గ్రహించినది.

దీనికి ప్రక్కన వేరొక పరిశోధనను నిలిపి చూడవలెను. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, టస్కిగీయందు 1932 నుండి 1972 వరకు సిఫిలిస్ వ్యాధిగల నల్లజాతి పురుషులను దాదాపు నాలుగు వందల మందిని ప్రభుత్వ వైద్యులు గమనించుచు వచ్చిరి. పెన్సిలిన్ ఆ వ్యాధిని నయము చేయునని తెలిసిన పిమ్మటను వారికి దానిని ఈయలేదు, నిజమును చెప్పలేదు. అచట సంశయము లేదు. తెలిసిన ఔషధమును దాచుట మాత్రమే కలదు.

పరీక్షలో ఒక వర్గమువారికి తక్కువ మేలు కలుగవచ్చును గదా యని ఆక్షేపింతురు. ఆ ఆక్షేపము యథార్థమే. కావుననే మూడు నియమములు అవసరమగుచున్నవి. వైద్యుని సంశయము నిజమైనదై యుండవలెను. రోగి సర్వము తెలిసి సమ్మతింపవలెను. మేలైన చికిత్స యేదో తేలినంతనే అది రెండవ వర్గమునకును అందవలెను. ఇవి యున్నచోట పరీక్ష సత్యాన్వేషణమగును, లేనిచోట హింసయగును. తెలియనిదానిని తెలియదని రోగితో పలుకుట వైద్యునకు చిన్నతనము కాదు. కరుణకు అదియే తొలిమెట్టని విజ్ఞులు గ్రహింతురు గాక.