మోగే వస్తువు దొరికితే

బాటలో ఒకడికి రూపాయి దొరికింది. ఎవరిదో తెలియదు, తీసుకున్నాడు. నేరం కాదు. ఇంకొకడికి ఉత్తరం దొరికింది. లోపల బ్యాంకు నోటు ఉంది, ఎవరిదో ఉత్తరం చూస్తేనే తెలిసిపోతోంది, అయినా నోటు జేబులో వేసుకున్నాడు. నేరం. మూడోవాడికి ఖరీదైన ఉంగరం దొరికింది. ఎవరిదో తెలియదు గానీ ఆరా తియ్యకుండానే అమ్మేశాడు. అదీ నేరమే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 403వ సెక్షన్ కింద ఉదాహరణలుగా ఇచ్చిన చిట్టి కథలివి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ సెక్షన్ 314 అయింది, కనీసం ఆరు నెలల జైలు అని కొత్తగా చేరింది, కథలు మాత్రం మారలేదు. వాటిని వరసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. దొరికినవాడి బాధ్యత వస్తువు ఖరీదును బట్టి పెరగదు, సొంతదారు దగ్గరికి వెళ్లే దారి ఎంత తేటగా ఉందన్నదాన్ని బట్టి పెరుగుతుంది. రూపాయికి దారి లేదు, ఉత్తరానికి ఉంది. మొబైల్ ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆ దారి తిరగబడింది. మనం సొంతదారును వెతకనక్కర్లేదు, అతనే వస్తువులోంచి మనల్ని పిలుస్తాడు. అందువల్ల ఫోను దొరికినవాడి మొదటి పని ఆచూకీ తియ్యడం కాదు, ఫోనును ఆన్‌లో ఉంచి, మోగినప్పుడు ఎత్తడం. ఈ కాస్త పనిని ఎగ్గొట్టడానికే జనం వెంటనే స్విచ్ఛాఫ్ చేస్తారు. తర్వాత అమ్ముకున్నా, దాచుకున్నా, రేపు ఇద్దాంలే అనుకున్నా, అసలు తప్పు ఆ బటన్ నొక్కినప్పుడే జరిగిపోయిందని నా వాదన.

ఇది ఎక్కడైనా చెల్లే మాటే, కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీని బరువు వేరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మనిషి ఊళ్లో, సంపాదన ఇంకోచోట ఉన్న ఇళ్లకు కొదవ లేదు. కొడుకు చెన్నైలో భవనాల పనిలోనో, హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు, తల్లి ఇక్కడ ఉంటుంది. మధ్యలో ఉన్నది ఒక్క ఫోను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు కూలాయి. కరెంటు పోయింది, సిగ్నళ్లు పోయాయి. బయట ఉన్నవాళ్లు ఏ నంబరు కొట్టినా ఒకటే జవాబు. స్విచ్ఛాఫ్ అన్న మాట వినబడితే మనసు ఎటు పోతుందో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనకనుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. అలాంటి రాత్రి ఫోను మోగుతూ ఉండి ఎవరూ ఎత్తకపోవడం ఒక రకం భయం, అసలు మోగకపోవడం ఇంకో రకం. మామూలు రోజున పలాస స్టేషన్ బెంచీ మీద దొరికిన ఫోనును ఆపేసినవాడు తను ఒక ఇంటికి ఆ రెండో భయాన్ని పంపిస్తున్నానని అనుకోడు. అనుకోకపోయినా పంపినట్టే.

ఫోనులో ఏముందో కూడా కాస్త దగ్గరగా చూడాలి. పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూడండి. పెంకులోంచి వచ్చే జీడి చర్మాన్ని తినేస్తుంది. వేలికొనలు నల్లబడి గీతలు అరిగిపోతాయి. అలాంటి చేతికి వేలిముద్ర మెషీన్ ఒకసారి ఒప్పుకుంటుంది, ఒకసారి ఒప్పుకోదు. ఒప్పుకోనప్పుడు తను తనేనని చెప్పుకోవడానికి మిగిలేది ఆధార్‌కు కలిపిన నంబరుకు వచ్చే ఓటీపీ. ఇక ఈ ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి వారానికి రెండు మూడుసార్లు పలాసకో టెక్కలికో సోంపేటకో వెళ్లే పని ఉంటుంది. ఎన్నింటికి రమ్మన్నారో ఫోనులోనే ఉంటుంది, క్రియాటినిన్ ఎంతో చెప్పే రిపోర్టు ఫొటో ఫోనులోనే ఉంటుంది, ఆటో అబ్బాయి నంబరు, కొడుకు ఫోన్‌పే చేసిన డబ్బు కూడా అందులోనే. పాతకాలంలో పర్సు పోతే డబ్బు పోయేది, పుస్తకం పోతే నంబర్లు పోయేవి, కాయితాల సంచి పోతే రిపోర్టులు పోయేవి. ఇప్పుడు మూడూ ఒకేసారి పోతున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ దొరికినవాడికి పనికిరాదు. అతనికి పనికొచ్చేది గాజు ముక్క, లోపలి బోర్డు, అమ్మితే వచ్చే రెండు మూడు వేలు.

పోగొట్టుకున్నవాడి నష్టానికీ దొరికినవాడి లాభానికీ మధ్య ఉన్న ఈ తేడా మీదే నా వాదన నిలబడుతుంది కాబట్టి దీనికి సాక్ష్యం ఏమైనా ఉందా అని అడగడం న్యాయమే. 2019లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 40 దేశాల్లో 355 నగరాల్లో పదిహేడు వేలకు పైగా పర్సులను, దొరికాయని చెప్పి, హోటళ్లు, బ్యాంకులు, పోస్టాఫీసుల కౌంటర్లలో ఇచ్చి చూశారు. మన దేశమూ అందులో ఉంది. పర్సులో డబ్బు ఎక్కువుంటే ఎగ్గొడతారని అందరూ అనుకుంటారు. చాలా దేశాల్లో జరిగింది అందుకు ఎదురు. డబ్బున్న పర్సుల సొంతదారులకే ఎక్కువగా కబురు వెళ్లింది. నాకు ఇంకా ముఖ్యమనిపించింది తాళంచెవి సంగతి. కొన్ని పర్సుల్లో ఒక తాళంచెవి పెట్టి, కొన్నింట్లో పెట్టకుండా చూశారు. పోగొట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ పనికిరాని వస్తువది. అది ఉన్న పర్సుల గురించి కబురు పంపినవాళ్లు ఇంకా పెరిగారు. అంటే మనిషి తన లాభమే కాదు, అవతలివాడి నష్టం కూడా లెక్కవేస్తాడు, అది కళ్లకు కనబడితే. ఫోనుతో వచ్చిన చిక్కు ఇక్కడే ఉంది. తాళంచెవి పర్సు తెరవగానే కనబడుతుంది. ఫోను లోపలిదంతా నల్లటి గాజు కింద దాగి ఉంటుంది, పైకి కనబడేది వస్తువు ఖరీదే. జపాన్ వాళ్ల చట్టం ఈ చిక్కును ముందే పట్టుకుంది. అక్కడ దొరికిన వస్తువును పోలీసులకిస్తే, మూడు నెలల్లో సొంతదారు రాకపోతే అది దొరికినవాడిదే అవుతుంది. మొబైల్ ఫోన్‌కు మాత్రం ఆ హక్కు లేదు. ఎన్నాళ్లు గడిచినా అది పరాయి మనిషి బతుకు వివరాల మూట కాబట్టి. ఫోను విషయంలో ఇదే సరైన చూపని నాకనిపిస్తుంది.

ఫోను ఆపకూడదన్న నా మాటకు మనవాళ్లు చెప్పే మొదటి అభ్యంతరం నీతి గురించి కాదు, భయం గురించి. స్టేషన్‌కు వెళ్తే ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, నువ్వే కొట్టేశావా అని అడుగుతారు, ఒకపూట కూలి పోతుంది. దీన్ని తీసిపారేయలేం. రోజుకూలీ మనిషికి స్టేషన్ మెట్లు ఎక్కడమంటే ఏమిటో ఆఫీసులో కూర్చున్నవాడికి తెలియదు. కానీ ఈ భయానికి విరుగుడు స్విచ్ఛాఫ్ కాదు, పైగా అదే అనుమానానికి మొదటి ఆధారం. ఫోను ఆపెయ్యనివాడు, మోగగానే ఎత్తి ఫలానాచోట ఉన్నాను రమ్మన్నవాడు, దొంగ ఎలా అవుతాడు? కాపాడి ఇచ్చే ఉద్దేశంతో తీసుకున్నవాడిది దురుద్దేశం కాదని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. స్టేషన్‌కు వెళ్లక తప్పని పరిస్థితి చాలాసార్లు రానే రాదు. బస్సులో దొరికితే కండక్టరు ఉన్నాడు, పలాసలోనూ టెక్కలిలోనూ డిపోలున్నాయి. రైల్లోనో ప్లాట్‌ఫాం మీదో దొరికితే ఆర్‌పీఎఫ్ ఉంది. ఊళ్లో దొరికితే గ్రామ సచివాలయం, సంతలో దొరికితే ఆ పక్క కొట్టు. పోగొట్టుకున్నవాడు వెనక్కి వచ్చి మొదట అడిగేది ఆ పక్క కొట్టునే కదా. ఇచ్చేముందు తీసుకున్నవాళ్ల పేరూ నంబరూ రాసుకుంటే చాలు. తీసుకున్నవాళ్ల దగ్గరే మాయమైపోతే, అంటారు కొందరు. మాయం కావచ్చు. అందుకే ఎవరికో ఇవ్వడం కన్నా మోగితే ఎత్తడం ముందు అంటున్నాను.

రెండో అభ్యంతరం మరీ మంచివాళ్ల దగ్గరనుంచి వస్తుంది. ఎవరిదో తెలుసుకోవాలి కదా, అందుకే తెరిచి చూశాం, అంటారు. వేలిముద్ర పనిచెయ్యని చేతులవాళ్లు, చదువు రానివాళ్లు చాలామంది లాకు పెట్టుకోరు. అలాంటి ఫోను దొరికితే ఆఖరి కాల్ ఎవరికి వెళ్లిందో చూసి ఆ నంబరుకు చెయ్యడం వరకు ఒప్పు. ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు చూడ్డం ఆచూకీ కోసం కాదు, అది వేరే ఆకలి. ఇంకొందరు తెలివిగా సిమ్ తీసి తమ ఫోనులో వేసి చూస్తారు. ఇప్పుడు నంబర్లు సిమ్‌లో దాచుకునేవాళ్లు తక్కువ, పేర్లేమీ కనబడవు. పరాయివాళ్ల బ్యాంకు ఓటీపీలు మాత్రం మన ఫోనుకు వస్తాయి. రేపు అటు డబ్బులో ఏదైనా తేడా వస్తే మన మంచితనానికి సాక్షి ఎవరు? లాకు ఉన్న ఫోను అయితే ఈ బాధే లేదు. తెరవకుండానే కాల్ ఎత్తొచ్చు. అవతలినుంచి “ఎవులు బాబూ, అది మా గుంటడి ఫోను” అని వినబడితే, ఎక్కడున్నామో చెప్పడమే. మరి ఆ గొంతు నిజమైన సొంతదారుదేనా? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో పోయిన వస్తువుల ప్రస్తావన ఉంది. రాజు మూడేళ్లు దాన్ని భద్రపరచాలి, నాదని వచ్చినవాడు దాని రూపం, లెక్క సరిగ్గా చెప్పాలి, చెప్పలేకపోతే జరిమానా. ఆ గ్రంథంతో నాకు వేరే పేచీలు చాలా ఉన్నాయి గానీ ఈ పరీక్ష మాత్రం తెలివైనది. మనకు అంతకన్నా తేలిక. వచ్చినవాడి చేతికి ఫోనిచ్చి మన ఎదురుగా లాకు తియ్యమంటే సరి.

మోగేవరకు చూద్దాం అన్నదానికి ఒక హద్దుంది, అది చాలామందికి తెలియదు. పోగొట్టుకున్నవాడు అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకున్న క్షణం నుంచి మన చేతిలోని సిమ్ పనిచెయ్యదు. ఇక ఆ ఫోను మామూలుగా మోగదు. డబ్బు పోతుందన్న భయంతో జనం ఈ పని మర్నాడే చేస్తారు, చెయ్యాలి కూడా. కాబట్టి మనకున్న గడువు ఆ సాయంత్రం, ఆ రాత్రి. చార్జింగ్ అయిపోతుంటే వైరు పెట్టాలి, ఇప్పుడు చాలా ఫోన్లకు ఒకటే రకం పిన్ను. మర్నాటికీ ఎవరూ చెయ్యకపోతే దాన్ని ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదు, అప్పుడు స్టేషనే దారి. అటువైపు పోగొట్టుకున్నవాడు ఫిర్యాదు ఇస్తే ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరుతో సీఈఐఆర్ అనే ప్రభుత్వ రిజిస్టరులో ఆ ఫోనును బ్లాక్ చేస్తారు. 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ వచ్చాక ఇది దేశమంతా పనిచేస్తోంది, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో కొత్త సిమ్ వేసినా దాని జాడ తెలుస్తుంది. పోలీసులు పోయిన ఫోన్లను వెతికి జనానికి తిరిగి పంచే సభలు మన జిల్లాలోనూ జరుగుతున్నాయి. దొరికిపోతారు కాబట్టి ఇచ్చెయ్యండి అని బెదిరించడానికి ఇది చెప్పడం లేదు. విడిభాగాలుగా ఊడదీసిన ఫోను ఎవరికీ దొరకదు, ఆ సంగతి ఊడదీసేవాడికి మనకన్నా బాగా తెలుసు. పట్టుబడతామన్న భయం మీద నిలబెట్టిన వాదన ఆ స్క్రూడ్రైవర్ దగ్గరే పడిపోతుంది.

ఇక మిగిలింది బహుమానం సంగతి. తీసుకోవడం తప్పని నేననను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ దొరికినవాడి ఖర్చునూ శ్రమనూ గుర్తించింది. వాటికోసం దావా వెయ్యలేడు గానీ, అవి ముట్టేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చంటుంది. గొడుగుకో గొర్రెకో ఇది సబబే. ఫోనుకు మాత్రం ఈ హక్కు వాడుకోకూడదంటాను. డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఫోనును ఐదొందలు ఇచ్చేదాకా పట్టుకు కూర్చోవడం ఖర్చు రాబట్టుకోవడం కాదు, చట్టం ఒప్పుకున్నా సరే. ముందు ఫోను చేతిలో పెట్టాలి. ఆపైన టెక్కలి నుంచి పలాస దాకా వచ్చినందుకు బస్సు చార్జీ అడిగితే నామోషీ లేదు, పోయిన పూట కూలి అడిగినా లేదు. ఫోను రీచార్జికి నెలకింత కడుతున్నవాడు ఆ మాత్రం ఇవ్వనంటే, అది అతని లెక్క.