వెలుతురూ, విచక్షణా

యంత్రానికి రాగద్వేషాలు లేవనీ, అందుచేత అది చూపినదల్లా సత్యమే అయి తీరుతుందనీ లోకంలో ఒక విశ్వాసం ఉన్నది. చిత్రకారుని కుంచెను శంకించేవారు సైతం కెమేరాను శంకించరు. కాని కెమేరాను చేతబట్టిన ప్రతివాడూ మొట్టమొదట ఒక ప్రశ్నను ఎదుర్కోక తప్పదు: ఎంత వెలుతురును లోపలికి రానివ్వాలి? ఈ ప్రశ్న పైకి సాంకేతికమైనది. లోతుకు పోయిన కొద్దీ నైతికమైనది.

ఆ వెలుతురును శాసించేవి మూడు: కటకంలోని ఎపర్చరు, షట్టరు తెరచి ఉండే కాలం, ఐ.ఎస్.ఓ. అంకె తెలియజేసే గ్రహణశక్తి. ఎపర్చరును 2.8 వద్ద నిలిపి షట్టరును 1/1000 సెకను తెరచినా, 16కు కుదించి 1/30 సెకను తెరచినా లోనికి చేరే వెలుతురు ఇంచుమించు సమానమే. అయినా ఒకే జలపాతం మొదటి చిత్రంలో బిందువు బిందువుగా గడ్డకట్టి నిలుస్తుంది, ముందరి కొమ్మ మసకబారుతుంది. రెండవదానిలో కొమ్మ తేటపడుతుంది, నీరు చెదరి ధారగా సాగుతుంది. వీటిలో ఏది నిజమైన జలపాతం? కన్ను ఏనాడూ ఆ రెండు విధాలుగా చూడదు. అయినా రెండూ అసత్యాలు కావు, రెండు ఎంపికలు.

ఎంపికను యంత్రానికే వదలిపెడితే దోషం అంటదు కదా అని కొందరంటారు. ఇది భ్రమ. వెలుతురును కొలిచే మీటరు తన ఎదుటి దృశ్యం సగటున నడిమి బూడిదవన్నెలో ఉంటుందన్న అంచనాపై పనిచేస్తుంది; ఆ వన్నె తనపై బడిన కాంతిలో సుమారు 18 శాతాన్ని తిప్పిపంపుతుందని ఛాయాగ్రాహకుల లెక్క. కనుక సవరణ లేకుండా తీస్తే మంచు నిండిన లోయా బూడిదగానే వస్తుంది, దృశ్యమంతా ఆక్రమించిన నల్లని గేదే బూడిదగానే వస్తుంది. ఇప్పటి డిజిటల్ కెమేరాలు ముఖాలను గుర్తించి ఆ లెక్కను కొంత దిద్దుకోగలవు. కాని దిద్దుబాటు సూత్రాన్ని రాసినవారూ మనుషులే. 20వ శతాబ్దపు మధ్యభాగంలో రంగుల చిత్రాలు అచ్చువేసే ప్రయోగశాలలకు కొడాక్ సంస్థ పంపిన నమూనా కార్డులపై ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖం. ఆ ముఖం సరిగా వస్తే అంతా సరిగా వచ్చినట్లే. ఆ కొలతకు అందని నల్లని ముఖాలు నీడలుగా మిగిలిపోయాయి. అందులో ఎవరి ద్వేషమూ ఉండనక్కరలేదు. కొలబద్ద ఎవరిని చూసి తయారైనదో అడగకపోవడమే చాలు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లని తలపాగా చుట్టిన నల్లని రైతును తలచుకోవచ్చు. తలపాగా మడతలు దక్కాలంటే ముఖం చీకటవుతుంది. ముఖంలోని ముడతలు దక్కాలంటే తలపాగా తెల్లగా కాలిపోతుంది. డిజిటల్ చిత్రంలో హద్దు మీరి తెల్లబడిన చోట వివరమేదీ మిగలదు. చీకటిలో మాత్రం, కొంత మలినంగానైనా, తిరిగి దొరుకుతుంది. అందుకే వెలుగును కాపాడి నీడను తరువాత లేపుకొమ్మని అనుభవజ్ఞులు చెబుతారు. అయినా ఒక్కొక్కప్పుడు రెండూ దక్కవు. అప్పుడు వస్త్రాన్ని వదలుకొని మనిషిని నిలుపుకొన్నవాడు చేసినది కేవలం సాంకేతిక నిర్ణయం కాదు; ఏది ముఖ్యమో తేల్చిచెప్పడం.

అలాగైతే ప్రతి ఎంపికా ధర్మమేనా? కాదు. 1994 జూన్‌లో, హత్యానేరం మోపబడిన ఓ.జె. సింప్సన్ పోలీసు ఛాయాచిత్రాన్ని టైమ్ పత్రిక మరింత నల్లబరచి ముఖచిత్రంగా వేసింది. అదే చిత్రాన్ని న్యూస్‌వీక్ పత్రిక ఆ విధంగా నల్లబరచకుండా ప్రచురించడంతో తేడా అందరికీ తెలిసిపోయింది. ఈ పని షట్టరు వద్ద కాక తరువాత జరిగినది. ధర్మసూత్రం మాత్రం ఒకటే. న్యాయస్థానం విచారించకముందే నీడ తీర్పు చెప్పినట్లయింది. అస్తమిస్తున్న సూర్యుని ఎదుట పడవవాణ్ణి నల్లని ఆకారంగా చూపే కళాకారుడు కూడా ముఖాన్ని చీకటిలో ముంచుతాడు. కాని అతడు తాను చేసినది దాచడు, చూసేవాడు మోసపోడు. దోషం చీకటిలో లేదు. తాను కల్పించిన చీకటిని సాక్ష్యంగా చెలామణి చేయడంలో ఉన్నది.

అయితే మోసబుద్ధి లేనంత మాత్రాన బాధ్యత తీరదు. 1838లో లూయి డగేర్ పారిస్‌లోని ఒక పెద్ద వీధిని చిత్రించినప్పుడు వెలుతురును నిమిషాల తరబడి గ్రహించవలసి వచ్చింది. కదిలిపోయే బండ్లూ బాటసారులూ చిత్రంలో పడలేదు. జోళ్లకు మెరుగు పెట్టించుకొంటూ ఒకచోట నిలిచిన మనిషి ఒక్కడు స్పష్టంగా మిగిలాడు. జోళ్లు తుడిచే శ్రామికుడు మసకగా మాత్రమే తోస్తాడు. డగేర్ ఎవరినీ వంచించలేదు. అయినా జనసమ్మర్దం గల వీధి నిర్జనంగా నిలిచిపోయింది. నిలిచినవానికి దక్కిన చోటు పనిలో ఉన్నవానికి పూర్తిగా దక్కలేదు.

వెలుతురుకు హద్దు గీయక చిత్రం లేదు. గీచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ హద్దుకు అవతల పడతారు. ఆ అవతలివారిని ఒక్కసారి తలచుకొని షట్టరు నొక్కడమే ఛాయాగ్రాహకుని ధర్మం.