స్వామికి కుడి

వరంగల్లు ప్రాంతమున ఏ విష్ణ్వాలయమునందైనను తరచుగా కానవచ్చు దృశ్యమిది. చేయి పట్టుకొని తీసికొనివచ్చిన మనుమని గర్భాలయము నెదుట నిలిపి, "నాయనా, స్వామివారు చక్రమును ఏ చేత ధరించినారు?" అని నాయనమ్మ యడుగును. బాలుడు తన చేతులను చూచుకొని "ఎడమచేత" ననును. "అది నీకు ఎడమరా, స్వామికి కుడి" అని యామె దిద్దును. శ్రీదేవి యే ప్రక్క నున్నదని యడిగినను వాడు మరల తడబడును. తప్పు చిన్నదే. కాని యందొక పెద్ద ప్రశ్న యిమిడియున్నది. చోటును గూర్చి పలుకునపుడు మానవుడు ఎవరిని కొలతగా నుంచుకొనవలెను?

శిశువు ముందుగా నేర్చునవి లోపల, మీద, క్రింద మొదలగు మాటలు. డబ్బాలో బియ్యమున్నవి, మంచముక్రింద పిల్లి యున్నది అనుటకు చూచువాడెక్కడ నిలిచిననేమి? కుడి, ఎడమ యనునవి యట్టివి కావు. పలుకువాడు తిరిగిన అవియు తిరుగును. బాలుర బుద్ధివికాసమును పరిశీలించిన స్విట్జర్లాండు పండితుడు పియాజే 1924లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును చర్చించెను. బాలుడు తన కుడియెడమలను సుమారు 5 ఏండ్లకు గుర్తించును. ఎదురుగా నిలిచినవాని కుడియెడమలను సుమారు 8 ఏండ్లకుగాని గుర్తింపజాలడు. ఈ నడుమ వాడు క్రొత్తమాట నేమియు నేర్వలేదు. ఎదుటివాని చోట నిలిచి చూచుట నేర్చినాడు.

సంస్కృతమున దక్షిణమనగా కుడి యనియు, దక్షిణదిక్కనియు అర్థములు. పూర్వమనగా ముందున్నది, పశ్చిమమనగా వెనుకనున్నది. ఉదయసూర్యుని కభిముఖముగా నిలిచినవానికి ఈ రెండర్థములును ఒకటియగును. మన పూర్వులు కుడిని విడువలేదు. దానిని సూర్యుని యెదుట నిలిపి స్థిరపరచిరి. వరంగల్లు కోటలో కాకతీయులనాటి నాలుగు కీర్తితోరణములు నాలుగు దిక్కుల నేటికిని నిలిచియున్నవి. నడుమనున్న స్వయంభూశివాలయము శిథిలమైనది. ఐనను ఆ తోరణములు దేనికి తూర్పు, దేనికి పడమర యని యడిగినవానికి, కానరాని గుడియే సమాధానము. కేంద్రము లేక దిక్కులేదు.

చోటును తెలుపు విభక్తిని గూర్చి వైయాకరణులు సూక్ష్మముగా విచారించిరి. చాపమీద కూర్చున్నాడనుట ఒక విధమైన ఆధారము, ఇది ఔపశ్లేషికము. మోక్షమందు కోరిక యనుట వైషయికము. నువ్వులయందు నూనె యనుట అభివ్యాపకము. అచట నూనె లేని చోటే లేదు. తెలుగున 'అందు' అను నొక్క మాటయే ఈ మూడింటిని చెప్పును. బమ్మెర పోతనామాత్యుని భాగవతమున సప్తమస్కంధము చదివినవారికి దీని ఫలము తెలియును. పోతన గ్రామముగా ప్రసిద్ధమైన బమ్మెర పూర్వము వరంగల్లు జిల్లాలోనిదే. నేడది జనగామ జిల్లాలో నున్నది. ప్రహ్లాదుడు నువ్వులయందు నూనెవలె హరి యంతట నున్నాడనెను. హిరణ్యకశిపుడు చాపమీది మనుష్యునివలె నుండునని తలచి, స్తంభమున చూపుమనెను. తండ్రికొడుకు లిరువురును ఒకే మాట పలికిరి. తన చేయి యందినంత మేరయే చోటని తండ్రి తలచుటవలన ఆ మాట యర్థము వానికి అందలేదు.

ఈ దోషము అసురునికే పరిమితము కాదు. పొలముగట్టు తగవున ఒకరి 'ఇవతల' వేరొకరికి 'అవతల' యగును. అన్నదమ్ములిరువురును అబద్ధమాడకయే యేండ్లతరబడి కలహింతురు. తీర్థప్రసాదముల కడ నేను ముందనువాడు తనవెనుక నిలిచిన వృద్ధురాలి కన్నులతో ఆ వరుసను చూడడు. వ్యాకరణము నేర్చినవారును ఈ యొక్క పాఠమున 5 ఏండ్ల బాలురే.

అట్లని తన కుడిని మరువవలెనని శాస్త్రము చెప్పలేదు. తన హక్కును విడిచి యన్యాయమునకు తలయొగ్గుట భక్తియు కాదు. ఆ బాలుడు తీర్థమును తన కుడిచేతనే పుచ్చుకొనును. ప్రదక్షిణము చేయునపుడు స్వామిని తన కుడివైపుననే యుంచుకొని నడచును. దర్శనమున స్వామి కుడిని తెలిసికొనుట, ప్రదక్షిణమున తన కుడిని స్వామికి సమర్పించుట — ఈ రెండును గుడిలో ఒక్క గడియలో నేర్చు పాఠములు.

తెలుగున దిక్కనగా తూర్పు పడమరలే కాదు, శరణ్యము కూడను. దిక్కులేనివానికి దేవుడే దిక్కని నిరక్షరాస్యురాలైన నాయనమ్మయు పలుకును. తాను నిలిచిన చోటే లోకమునకు నడుమ యనుకొన్నవానికి దిక్కులు నాలుగున్నను దిక్కులేదు. "స్వామికి కుడి" యని మనుమని దిద్దిన యామె వానికి నేర్పినది ఆ దిక్కునే.