చలినాటి వ్రతము – చేతి కానుక



మన పంచాంగము చెప్పు మాసములకును, ఈ క్వేకర్స్ హిల్‌లో మన ముంగిట వ్రాలు ఋతువులకును పొంతన లేదు. మార్గశీర్ష పుష్యములు హేమంత ఋతువని పంచాంగము పలుకును. ఇచ్చట ఆ దినములలో ఎండ నిప్పులు చెరుగును. భోగిమంట వేయవలసిన వేళకు, బయట నిప్పు రాజేయరాదను ప్రభుత్వ నిషేధము కూడ ఎదురు కావచ్చును. ఆషాఢమనగా మన తాతల దేశమున తొలకరి జల్లుల కాలము. ఇచ్చట ఆషాఢపు తెల్లవారుజామున గడ్డిమీద తెల్లని మంచు పేరుకొని యుండును, నోటి మాటతో పాటు ఆవిరి వెలువడును.

ఈ చిక్కు మనకు క్రొత్త కాదు. మారిషసు చెరకు తోటలకు పోయినవారును, 1860 మొదలు నేటాలు చేరినవారును, 1903 నుండి మద్రాసు రేవున ఓడలెక్కి ఫిజీ చేరినవారును, అందరును భూమధ్యరేఖకు దక్షిణముననే దిగిరి. నాటినుండి తరతరములుగా మన యిండ్లలో తిథి ఒక దారి, ఋతువు వేరొక దారి. మన పెద్దలు తిథిని విడువలేదు. అది సూర్యచంద్రుల గమనమునుబట్టి వచ్చునది. దానిని మార్చు నధికారము మనకు లేదు. కాని చలి, భూమిమీద మనము నిలిచిన చోటునుబట్టి వచ్చును. చలికాలపు వ్రతములలో పెద్దలు దాచి యుంచిన నీతి యేదో, దానిని చలి వచ్చినపుడు ఆచరింపవలదా? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

భాగవత దశమస్కంధమున గోపకన్యలు సలిపిన కాత్యాయనీ వ్రతము వర్ణింపబడినది. హేమంతపు మొదటి మాసమది. ఆ కన్యలు వేకువనే లేచి, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొని, చేతులు కలుపుకొని, కృష్ణుని కీర్తించుచు యమునకు నడచిరి. చన్నీట మునిగి, ఒడ్డుననున్న యిసుకతో దేవి ప్రతిమను చేసి, పూవులు, చిగుళ్లు, పండ్లు సమర్పించి పూజించిరి. ఇట్లు నెల దినములు జరిగినది.

ఈ కథలో తరువాత వచ్చు వస్త్రాపహరణమునే జనులు ఎక్కువగా చెప్పుకొందురు. నేడు మనము మొదటి భాగమునొద్ద ఒక్క క్షణము నిలుతము. ఆ వ్రతములో ఏమున్నది? చలిలో ఇల్లు విడిచి బయలుదేరుట యున్నది. ఒంటరిగా పోక, పొరుగింటి పిల్లను పిలుచుకొని పోవుట యున్నది. చేతులతో ఒక ప్రతిమను చేయుట యున్నది. ఆ ప్రతిమ బంగారముది కాదు, శిలది కాదు; ఏటి యిసుక. సాయంకాలమునకు నిలుచునో నిలువదో తెలియదు. మరునాడు మరల చేసిరి. వారు కోరిన ఫలము నెల కడపట గాని రాలేదు. పాట మాత్రము మొదటి దినముననే వచ్చినది. ఆనందము ఫలముకొరకు కాచుకొని కూర్చుండలేదని దీనివలన తెలియుచున్నది.

యమున లేని ఊరిలో ఈ వ్రతమెట్లు సాధ్యమని యడుగుదురేమో. ఆ ప్రశ్నకు గోదాదేవి యెన్నడో సమాధానము చెప్పినది. ఆమె పుట్టినది యమునకు ఎంతో దూరముననున్న శ్రీవిల్లిపుత్తూరు. ఆమె ఆ యూరినే వ్రేపల్లెగా భావించి, తోడి కన్యలను మేల్కొలుపుచు, ధనుర్మాసపు చలిలో గోపికల వ్రతమును తానాచరించెనని మన సంప్రదాయము. చోటు మారినను వ్రతము చెడలేదు. శ్రీవిల్లిపుత్తూరు వ్రేపల్లె కాగలిగినపుడు, క్వేకర్స్ హిల్ ఏల కారాదు?

ఇక మన పూర్వులకు చలికాల మెట్లు గడచినదో తలచుకొందము. ఫిజీలో చల్లని నెలలనగా జూను మొదలుకొని వచ్చునవి. అవియే చెరకు కోతకును, మిల్లు ఆడుటకును కాలము. కొంచెము హాయియైన గాలి వీచు దినములన్నియు చెరకు కత్తి పాలైనవి. గిరిమిట్టు అయిదేండ్లు, వారమున అయిదు దినములు తొమ్మిదేసి గంటలు, శనివారము అయిదు గంటలు పని. నివాసము పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల లైను గది. అందులో ముగ్గురు ఒంటరి పురుషులు, లేదా ఒక సంసారము. షికారు అను మాటకు అక్కడ తావెక్కడిది? అట్టి చోటనే వారు ఆదివారమునాడు గుమిగూడిరి, రామభజన చేసిరి, ఉన్న పూవులనే మాల కట్టిరి. 1920 జనవరి 1వ తేదీతో గిరిమిట్టు రద్దయినది. నేడు మనకు శనివారము సెలవు, ఆదివారము సెలవు. ఈ తీరిక మనము సంపాదించినది కాదు. వారి వీపులమీదుగా మనకు చేరిన ఆస్తి. ఆస్తిని తాళము పెట్టి యుంచుట ఒక విధముగా దానిని పోగొట్టుటయే.

ధర్మబంధువులారా, ఇపుడొక కఠినమైన మాట చెప్పవలసి యున్నది. 1987లోను, 2000లోను ఫిజీలో జరిగిన తిరుగుబాట్ల తరువాత మన కుటుంబములనేకము ఈ సిడ్నీ పడమటి పేటలకు వచ్చినవి. పిల్లలు చదివిరి, ఉద్యోగములు చేసిరి, ఇండ్లు కట్టిరి. ఆ యిండ్లలో మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఎట్లున్నారు? తెల్లవారకమునుపే కొడుకు రైలుకు పోవును, కోడలు పనికి పోవును, పిల్లలు బడికి పోవుదురు. ఆమె కిటికీలు మూసిన గదిలో, హీటరు ప్రక్కన, టెలివిజను ఎదుట సాయంత్రము దాక కూర్చుండును. ఫిజీలో వరండాలో కూర్చున్న చాలును, దారిన పోవు ప్రతివాడు పలుకరించును. ఇచ్చట చలి వచ్చినంతనే వీధి తలుపు మూసికొనును. ఆమెకు అన్నమునకు లోటు లేదు, మందులకు లోటు లేదు. ఆమెను పేరుపెట్టి పిలిచి, చేయి పట్టుకొని బయటకు తీసికొనిపోవువారే లేరు. గోపికల వ్రతములో మొదటి అంగము ఆ పిలుపే యని మరువకుడు.

కావున మొదటి నియమము బయలుదేరుట. దూరము పోనక్కరలేదు. డూన్‌సైడ్‌లో నుర్రజింజీ వనమున్నది. ఈ నేలకు మొదటివారైన దరుగ్ జనులలో ఒక పెద్ద పేరది. 1819లో గవర్నరు మెక్వారీ కాలమున కోల్బీ అను వానితో కలిపి ఆయనకు ఈ ప్రాంతమున భూమి పట్టా యిచ్చిరి. అచ్చట చెట్లున్నవి, వాగున్నది, కూర్చుండుటకు చోటున్నది. ఆంధ్రదేశమున కార్తిక మాసమున ఉసిరి చెట్టు క్రింద వనభోజనము చేయుదురు. ఎవరింట వండిన దైనను అందరును ఒక్క పంక్తిని తిందురు. ఇచ్చట ఉసిరి నీడ లేకున్నను శీతకాలము చివర వాటిల్ చెట్లు పసుపు ముద్దలవలె పూచును. ఈ దేశపు జాతీయ పుష్పము ఆ జాతిదే. అది మన తుమ్మకు చుట్టము. పరాయి దేశమున చుట్టపు చెట్టు కనబడిన, మామ్మకు ఎంత సంతోషమో మీరే చూడగలరు. పులిహోర పొట్లము, ఒక ఫ్లాస్కుతో టీ, ఒక దుప్పటి – ఇంతకుమించి ఏమియు వలదు.

రెండవ నియమము ప్రయాణము. ఇందుకు కుచేలుని చూడుడు. ఇంటియందు ఏమియు లేదు. భార్య ఇరుగుపొరుగువారినడిగి నాలుగు పిడికిళ్ల అటుకులు తెచ్చి చినిగిన గుడ్డలో ముడి వేసి యిచ్చెను. అతడు ద్వారకకు నడచెను, స్నేహితుని చూచెను, ఏమియు నడుగకయే తిరిగి వచ్చెను. అతనికి ఐశ్వర్యము కలిగినదని అందరమును చెప్పుకొందుము. కాని తిరుగు దారిలో అతనికి ఆ సంగతి తెలియదు గదా! వట్టి చేతులతో నడచుచు, కృష్ణుడు తనను కౌగిలించుకొనెనని, తన పాదములు కడిగెనని తలచి తలచి మురిసెను. ధనమీయకుండుట గూడ దయయే యని తృప్తి చెందెను. అతని యానందము మేడ చూచిన తరువాత పుట్టినది కాదు. అది దారిలోనే పుట్టినది.

మన పూర్వుల ప్రయాణమున తిరుగు దారి అందరికిని దొరకలేదు. విశాఖపట్టణము మొదలగు జిల్లాలనుండి చిన్న మూటతో బయలుదేరినవారిలో ఎందరో తిరిగి తమ ఊరు చూడలేదు. అందుచేతనే పోయి, చూచి, సాయంకాలమునకు ఇల్లు చేరు ప్రయాణము మనకు చిన్న వస్తువు కాదు. 1985లో ప్రతిష్ఠ జరిగిన హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయమునకు ఒక శీతకాలపు ఉదయమున ముగ్గురు మామ్మలను కారులో కూర్చుండబెట్టుకొని పోండు. లేదా రైలులో బ్లాక్‌టౌను చేరి, అచ్చటినుండి నీలగిరుల బండి యెక్కి కటూంబాకు పోండు. సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న ఆ యూరిలో చలి యెముకలను పలుకరించును. త్రీ సిస్టర్స్ అను మూడు శిలలు లోయమీద నిలిచి యుండును. అక్కడ శాలువ కప్పి ఒక ముసలిచేతిని పట్టుకొని నిలుచుట కూడ తీర్థయాత్రయే.

మూడవ నియమము చేతి కానుక. ఇది ఇల్లు కదలలేనివారికిని వర్తించును. మన ఆషాఢము ఇచ్చటి నడి శీతకాలమున వచ్చును. ఆషాఢమున గోరింటాకు పెట్టుకొనుట మన స్త్రీల ఆచారము. ఇందులోని మర్మము చూడుడు. ఒక చేతికి తానే పెట్టుకొనవచ్చును. రెండు చేతులకు పెట్టుకొనవలెనన్న వేరొకరు కావలెను. పెట్టుకొన్న పిమ్మట అన్నము కలుపుకొనలేదు, జుట్టు సవరించుకొనలేదు. ఇంకొకరు ముద్ద నోట పెట్టవలెను. చలికి గోరింటాకు సరిగా పండదు; చేతులు వెచ్చగా నుండవలెను. మనుమరాలు నాయనమ్మ చేతులకు పెట్టి, ప్రక్కన కూర్చుండి, ముద్ద తినిపించినచో ఆ రెండు గంటలు ఏ వ్రతమునకు తీసిపోవును? భాష కొరవడిన చోట చేయి మాటలాడును. మనుమరాలికి తెలుగు రాకపోవచ్చును. ఆ ముద్దలో మాత్రము వ్యాకరణ దోషముండదు.

శ్రావణము వచ్చును, వరలక్ష్మీ వ్రతము వచ్చును. తొమ్మిది ముడుల తోరమును చేతనే కట్టవలెను, వేరొకరి చేతనే కట్టించుకొనవలెను. పూలమాల కట్టుట, వత్తులు చేయుట, పసుపుతో వినాయకుని మలచుట – ఇవన్నియు తెలిసిన చేతులు మన యిండ్లలో ఇంకను ఉన్నవి. అవి ఎల్లకాలము ఉండవు. ఒక్క శీతకాలము ఆలస్యమైన, అడుగుటకు ఎవరును మిగులకపోవచ్చును.

కొందరు యువకులు ఇట్లందురు: “అంగడిలో ఇంతకంటె అందమైన మాల దొరకునే, చేతితో కట్టనేల?” వారికి శ్రీకృష్ణదేవరాయలే సమాధానము. అంత చక్రవర్తి తన మహాకావ్యమునకు ‘ఆముక్తమాల్యద’ అని పేరు పెట్టెను. తాను ముడుచుకొని తీసిన మాలను స్వామికి సమర్పించినది యని దాని యర్థము. విష్ణుచిత్తుడు కట్టిన మాలను గోద ముందుగా తాను ముడుచుకొనెను. లోకము దానిని దోషమనును. స్వామి ఆ మాలనే కోరెను. అందులో ఇచ్చినవారి జాడ యున్నది గనుక. అంగడి మాలలో మల్లె యుండును, కట్టినవారి వ్రేలు ఎవరిదో తెలియదు. గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు తాను గ్రహించు కానుకలు చెప్పెను: ఆకు, పువ్వు, పండు, నీరు. వెల పెట్టి కొనవలసినది వానిలో ఒక్కటియు లేదు. భక్తితో ఇచ్చుటయే అక్కడ ధర.

కావున ఈ శీతకాలమున ప్రతి కుటుంబమును చిన్న సంకల్పము చేయుగాక. జూను, జూలై, ఆగస్టు నెలలలో పక్షమునకొక పర్యాయము ఒక పెద్దను పేరుపెట్టి పిలిచి బయటకు తీసికొనిపోవుట. మూడు నెలలలో ఒక్కసారియైన కలసి ప్రయాణము చేయుట. చేతితో చేయు పని యొకటి ఆ పెద్దవద్ద నేర్చుకొని, దానిని పొరుగింట ఒకరికి కానుకగా నిచ్చుట. పొరుగువారు మనవారే కానక్కరలేదు. ఏ దేశమువారైనను చేతి వెచ్చదనము నెరుగనివారు లేరు.

చెరకు కోతలో చల్లని నెలలను పోగొట్టుకొన్న మన తాతముత్తాతలకు ఇది తర్పణము వంటిది. మనకు ఆనందము, మన పిల్లలకు జ్ఞాపకము. కాత్యాయనీదేవి మీ యిండ్లను వెచ్చగా నుంచుగాక! వేంకటేశ్వరస్వామి మీ ప్రయాణములను సుఖముగా జరుపుగాక! మీ చేతులు గోరింటాకువలె పండుగాక!

స్వస్తి.