పాత్రమీది పేరు

మన తార్కికులకు కుండ లేనిదే పాఠము సాగదు. ఘటమునకు మన్ను ఉపాదానమనియు, కులాలుడు నిమిత్తమనియు, దండచక్రాదులు సహకారులనియు విద్యార్థి మొదటి దినములలోనే వల్లించును. ఇన్ని శతాబ్దులుగా ఇన్ని పాఠశాలలలో ఉదాహరణమునకు వచ్చి నిలిచిన ఆ కులాలుని పేరేమని యడిగినవాడు మాత్రము లేడు. శాస్త్రమున కది యక్కఱ లేదు. అతడు వ్యక్తి కాడు, ఒక కారణము.

ప్రాచీన గ్రీకుదేశమున, ఏథెన్సు నగరపు కుమ్మరివాడలో పనిచేసిన కొందఱు ఈ యనామకత్వమునకు ఒడబడలేదు. వారు తమ పేరులను పాత్రలమీదనే వ్రాసిపోయిరి. ఆ వ్రాతలలో రెండు క్రియాపదములు కానవచ్చును. ఫలానివాడు ‘చిత్రించెను’ అనునది యొకటి. ఫలానివాడు ‘చేసెను’ అనునది రెండవది. మొదటిది కుంచె పట్టినవానిది. రెండవది సారె త్రిప్పినవానిది, లేదా ఆ పనిశాలకు యజమానియైనవానిది. యూఫ్రోనియసు అనువాని జీవితము మొదటి క్రియనుండి రెండవ క్రియకు నడచినది. క్రీ. పూ. 520 ప్రాంతమునుండి ఇంచుమించు ఇరువదేండ్లు అతడు చిత్రించెను. ఆ పిమ్మట క్రీ. పూ. 470 ప్రాంతమువఱకు ‘చేసెను’. ఆ రెండవ కాలమున అతని పాత్రలమీద బొమ్మలు వ్రాసినవారు ఇతరులు. తనకాలపు చిత్రకారులలో అగ్రగణ్యుడై యుండి కుంచెను పరుల చేతికిచ్చుట పతనమగునా? ఇచ్చినవాడు పనితోపాటు పేరునుగూడ ఇచ్చెనా? మొదటి ప్రశ్నను పండితులు తఱచుగా అడిగిరి. నాకు రెండవదే బరువైనదిగా తోచుచున్నది.

అతడు పనిలో ప్రవేశించునాటికి ఆ విద్యలో గొప్ప మార్పొకటి అప్పుడే జరిగియుండెను. పూర్వులు ఎఱ్ఱని పాత్రమీద రూపములను నల్లగా పూసి, కన్ను, కండ, వస్త్రపుమడత మొదలైనవానిని వాడిమొనతో గీరి చూపుచుండిరి. క్రీ. పూ. 530, 520 సంవత్సరముల నడుమ ఏథెన్సు పనివారు ఆ పద్ధతిని తిరుగవేసిరి. రూపముచుట్టునున్న చోటునెల్ల నల్లచేసి, రూపమును మట్టియొక్క సహజమైన ఎఱుపుననే విడిచిపెట్టిరి. గీరుటకు బదులు గీయుట వచ్చినది. ఇది రంగుల తారుమారు మాత్రమే కాదు. లోహపుమొన ఒక్కతీరుననే పోవును. కుంచెగీత ఒకచోట ఉబ్బెత్తుగాను, ఒకచోట వెండ్రుకవలెను, ఒకచోట చిక్కని నలుపుగాను, నీరు కలిపినచోట తేనెవన్నెగాను నడువగలదు. ఆ నలుపైనను వేఱొక రంగు కాదు. మట్టినే నీటిలో తేర్చి తీసిన మేలిపూత. ఆవములోనికి మొదట గాలిని పోనిచ్చి, నడుమ గాలి నడ్డి పొగ నింపి, మరల గాలి విడిచినచో, పూసినచోట నలుపు నిలుచును; పూయనిచోట ఎఱుపు తిరిగివచ్చును. కాల్చకముందు ఈ రెంటి భేదము అంత స్పష్టముగా కానరాదు. చిత్రకారుడు సగము కంటితోను సగము నమ్మకముతోను పనిచేయవలెను.

పారిసు నగరమందలి లూవ్రు వస్తుప్రదర్శనశాలలో యూఫ్రోనియసు చిత్రించిన పెద్దపాత్ర యొకటి కలదు. ఆనాటి గ్రీకులు ద్రాక్షమధువును నీటితో కలిపి త్రాగుచుండిరి. ఆ కలుపుటకైన పాత్ర యిది. దానిమీద హెరాక్లీసు ఆంటియసు అను రాక్షసునితో మల్లయుద్ధము చేయుచున్నాడు. వీరుని గడ్డమును ముంగురులును దువ్వి తీర్చినట్లున్నవి. రాక్షసుని జుట్టు పలుచని గోధుమవన్నె గీతలతో చింపిరియై యున్నది. వాని పెదవులు విడి పండ్లు కనబడుచున్నవి. కుడిచేయి పట్టుదప్పి వ్రాలినది. గెలుచుచున్నవానిని వ్రాయుట యెవరికైనను శక్యమే. ఓడుచున్నవాని యందు ఇంత శ్రద్ధ చూపుట ఆకాలమున క్రొత్త.

ఈ శ్రద్ధయే సర్పీడను పాత్రలో పరిణతి పొందినది. సర్పీడను దేవరాజైన జ్యూసు కొడుకు, లిసియా దేశపు రాజు. ట్రాయి యుద్ధమున పెట్రోక్లసు చేతిలో కూలినవాడు. అతని కళేబరమును నిద్ర, మృత్యువు అను కవలసోదరులు స్వదేశమునకు గొనిపోయిరని ఇలియడ్ కావ్యము పదునాఱవ సర్గమున కథ. యూఫ్రోనియసు ఈ కథను అంతకు ముందే యొక పానపాత్రమీద వ్రాసియుండెను. మరల క్రీ. పూ. 515 ప్రాంతమున, యూక్సిథియసు అనువాడు చేసియిచ్చిన పెద్దపాత్రమీద దానినే చేపట్టెను. ఈసారి శవము చిత్రము నడుమ అడ్డముగా పఱచుకొని, మోయుచున్న దేవతలకంటె పెద్దదై యున్నది. ఎడమకాలు చూచువానివైపు మడిగినట్లు కుఱుచగా వ్రాయబడినది, కన్నులు మూసికొనియున్నవి, గాయములనుండి నెత్తురు ధారలు కారుచున్నవి. ఇరువైపుల ఱెక్కలుగల సోదరులు వంగి లేవనెత్తుచున్నారు. నడుమ దేవదూతయగు హెర్మీసు నిలిచి చూచుచున్నాడు. కడుపుమీది కండలు, వ్రేళ్ళు, ఱెక్కలోని యీకలు, అన్నియు లెక్కగట్టినట్లున్నవి. అంత లెక్కయున్నను చూపరికి మొదట తోచునది మెలకువ కాదు, బరువు. చచ్చినవాని యొడలు ఎంత బరువో ఆ వంగిన వీపులు చెప్పుచున్నవి. పాత్రకు వెనుకవైపున యువకులు కొందఱు కవచములు తొడుగుకొనుచున్నారు. వారికి ముందటివైపు సంగతి తెలియదు.

ఈ పాత్రమీద ఇద్దఱి పేరులున్నవి: యూక్సిథియసు చేసెను, యూఫ్రోనియసు చిత్రించెను. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏథెన్సులో పుట్టిన ఈ పాత్ర ఇటలీలోని ఎట్రస్కనుల సమాధిలో నిదురించినది. చెర్వెటెరి యొద్ద 1971లో దొంగలు త్రవ్వి తీయగా, 1972లో న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల పదిలక్షల డాలర్లకు కొన్నది. 2008లో ఇటలీకి తిరిగి యిచ్చినది. చెక్కుచెదరని పేరుతో వచ్చినను, ఏ శవముప్రక్క ఏ వస్తువుల నడుమ ఉండెనో ఆ వృత్తాంతమంతయు దొంగల పలుగుతో పోయినది.

మూడవ పేరొకటియు దానిమీద నున్నది: ‘లేయాగ్రసు సుందరుడు’. ధనికుల యింటి బాలుర సౌందర్యమును పొగడుచు ఇట్లు వ్రాయుట ఆనాటి వాడుక. లేయాగ్రసు తరువాత సేనాపతియై క్రీ. పూ. 465 ప్రాంతమున థ్రేసు దేశమున యుద్ధములో మడిసెను; హెరొడోటసు అతని పేరెత్తినాడు. కండపెంచి కుండ చేసినవారు ఏమియు చేయని పిల్లవానిని పొగడుటలో మనకు కొంత రోత పుట్టవచ్చును. కాని ఆ పనివారు తమనుగూడ మఱువలేదు. యూఫ్రోనియసు ఒక విందును చిత్రించి, అందు పాన్పుమీద ఒరిగిన యొకనికి స్మిక్రసు అని తోటి చిత్రకారుని పేరు పెట్టెను. ఫింటియసు అను మఱియొకడు సంగీతము నేర్చుకొనువారిలో యూథిమిడీసు అను సహవృత్తివాని పేరు వ్రాసెను. ధనికులు కూర్చుండు పీటలమీద బొమ్మలలోనైనను తమవారిని కూర్చుండబెట్టుకొనిరి.

ఆ యూథిమిడీసే మ్యూనిక్ నగరమునందున్న తన పాత్రమీద, మెలితిరిగి నాట్యమాడుచున్న ముగ్గుఱు త్రాగుబోతుల ప్రక్కన, ‘యూఫ్రోనియసు ఎన్నడును ఇట్లు కాదు’ అను నర్థమిచ్చు మాటలు వ్రాసెను. దీనిని మాత్సర్యమనువారు కలరు. నేనట్లనుకొనను. మాత్సర్యము చాటున మాటలాడును. ఒకే వాడలో, ఒకే గిరాకి కొఱకు పనిచేయువాడు ఎదుటివాని పేరు చెప్పి సవాలు చేసినచో, ఆ యెదుటివాడే కొలబద్ద యని ఒప్పుకొన్నట్లే గదా.

ఇక క్రీ. పూ. 500 తరువాతి సంగతి. యూఫ్రోనియసు కుంచె యేల విడిచెను? కన్నులు మందగించెనని కొందఱు ఊహించిరి. వెండ్రుకవంటి గీతను గీయుటకు ఏకాగ్రమైన దగ్గఱచూపు కావలెను. అతని కప్పటికి నలువది దాటియుండవచ్చును. ఆ వయసున నున్నవారికి చత్వారమును గుఱించి నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. పనిశాలకు యజమాని యగుట ధనలాభమని మఱికొందఱు. రెండును నిజమై యుండవచ్చును. అయినను పతనమను మాట నా కంగీకారము కాదు. ఆ మాటలో చిత్రము గొప్పది, కుండ తక్కువది యను తారతమ్యము దాగియున్నది. అది గ్రీకు విద్వాంసులదే. చేతిపనులు నిప్పునొద్ద, నీడపట్టున కూర్చుండబెట్టి దేహమును చెఱచుననియు, అందువలన మనస్సును కుంగుననియు సోక్రటీసుచేత జెనొఫను పలికించెను. ఉత్తమమైన నగరము చేతిపనివానిని పౌరునిగా చేయదని అరిస్టాటిలు వ్రాసెను. ఇట్టి మాటలు మనకు క్రొత్తవి కావు. సంస్కృతమున కూడ చదివియున్నాము. ఆ యిద్దఱును యూఫ్రోనియసు తరువాతివారు. అతడు మాత్రము అక్రోపొలిసు కొండమీద ఎథీనాదేవికి తన సంపాదనలో దశాంశమును కానుకగా నిలిపి, పీఠముమీద తన్ను ‘కుమ్మరి’ యని చెప్పుకొనెను. ఆ పీఠము శిథిలమైనది. మిగిలిన ముక్కలలో ‘ఆరోగ్యము’ అను పదము కలదు. ‘చిత్రకారుడు’ అని చెప్పుకొనుటకు అతనికంటె ఎవనికి హక్కున్నది? అయినను ఏరికోరి రెండవ మాటనే వ్రాయించెను.

కావున మొదటి ప్రశ్నకు నా సమాధానము స్పష్టము. రెండవదియే చిక్కు. యూఫ్రోనియసు పనిశాలలో కుంచె నందుకొన్నవారిలో ఒనీసిమసు ముఖ్యుడు. లూవ్రులోనే వీరిద్దఱి పానపాత్ర యొకటి కలదు. లోపలి వలయమున బాలుడైన థీసియసు సముద్రగర్భమున ఆంఫిట్రైటి యెదుట నిలిచియున్నాడు, నడుమ ఎథీనా, పిల్లవాని పాదములను చిన్న జలదేవత యొకడు చేతులతో మోయుచున్నాడు. గురువు గీతలోని బిగువు ఇందు లేదు. బదులుగా ఒక మార్దవము, నీటిలోని నిశ్శబ్దము వచ్చినవి. గురువు వ్రాసిన వీరులు మోయబడిరి, పోరాడిరి. శిష్యుడు వ్రాసిన వీరుడు కొంచెము సిగ్గుపడుచున్నాడు. ఇది గురువునకు తెలియని విద్య, గురువు చోటిచ్చినందున పుట్టిన విద్య. కాని పాత్రమీద ‘యూఫ్రోనియసు చేసెను’ అని యున్నది. ఒనీసిమసు పేరు దానిమీద లేదు.

ఆ పేరు మనకు దక్కినది ఒక్క పానపాత్రమీది సంతకమువలన. ‘ఉపయోగపడువాడు’ అని దాని యర్థము. బానిసలకు తఱచుగా పెట్టు పేరు. అతడు బానిసయో కాదో ఆ పేరువలన నిర్ణయింపరాదు. తక్కిన పనినంతయు ఇరువదవ శతాబ్దిలో పండితులు చెవి మడత, చీలమండ, వస్త్రపుటంచు పోల్చి పోల్చి అతనికి మరల కట్టబెట్టవలసివచ్చెను. ఆక్సుఫర్డునందలి జాన్ బీజ్లీ ఈ శాస్త్రమున ప్రథముడు. అతడును మొదట ఒనీసిమసు ప్రారంభకాలపు పనిని వేఱొకనిదిగా ఎంచి, వానిని ‘పనయిటియసు చిత్రకారుడు’ అని పిలిచెను. పనయిటియసు ఎవడు? ఆ పాత్రలమీద ‘సుందరుడు’ అని పొగడబడిన బాలుడు! పనివాని పేరు లేనిచోట పనిలేనివాని పేరు వచ్చి కూర్చుండినది.

యూక్సిథియసు పాత్రమీద తన పేరు వ్రాసికొన్న యువకుడు, యజమాని యైన పిమ్మట తన పాత్రలమీద యువకుల పేరుల నేల తఱచుగా వ్రాయనీయలేదు? వలదని యతడు చెప్పెనో, వారే వ్రాయరైరో, వాడుకయే మారెనో, పాత్రలు పలుకవు. అతనిని దోషియని నేననను. అయినను ఆ వెలితిని చూచి ఊరకుండుటయు తగదు. ఇల్లాలు వండిన వంటను మెచ్చిన అతిథి యజమానికి కృతజ్ఞత చెప్పి పోవుటయు, శిష్యుడు కూర్చిన టిప్పణము గురువు పేర అచ్చగుటయు మనము చూడనివి కావు. అచ్చట యజమానియు గురువును దుష్టులు కానక్కఱలేదు. చోటిచ్చితిమి, కూడుపెట్టితిమి, నేర్పితిమి, ఇంకేమి కావలెనని వారి భావము. కుంచె నిచ్చుట కష్టము. పేరునకు చోటిచ్చుట అంతకంటె కష్టమని తోచుచున్నది. మొదటిదానికి కన్నులు మందగించిన చాలును.

యూఫ్రోనియసు పేరుగల కడపటి పాత్రలలో ఒకటి బెర్లినులో నున్నది. అది క్రీ. పూ. 470 ప్రాంతపుది, తెల్లని పూతమీద చిత్రించిన పానపాత్ర, ఇప్పుడు తునకలుగా మిగిలినది.  డెబ్బదియేండ్లవాడు కాబోలు, ఆ తెల్లపూతకు తన పనిశాలలో చోటిచ్చెను. దానిని చిత్రించినవాని పేరు తెలియదు. పిస్టాక్సెనసు అను వేఱొక కుమ్మరి పాత్రమీద ఆ చేతివ్రాతయే కనబడుటచేత అతనిని ‘పిస్టాక్సెనసు చిత్రకారుడు’ అని పిలుచుచున్నారు.