స్పర్శ సాక్ష్యము

అబద్ధమాడని మనుష్యుని నోట కూడ అసత్యము వెలువడునా? వెలువడిన యెడల దోషమెవరిది? చేతితో తాకి చూచు చిన్న పరీక్షలలో ఈ పెద్ద ప్రశ్నకు కొంత జవాబు దొరకును.

జర్మనీలో లైప్‌జిగ్ నగరమున 19వ శతాబ్దములో వేబర్ అను పండితుడు స్పర్శజ్ఞానమును పరిశోధించెను. నుదుటిమీద చల్లని వెండి నాణెము నొకదానిని పెట్టి, తరువాత వెచ్చని నాణెములు రెండు దొంతరగా పెట్టినచో, చల్లని దొక్కటే ఆ రెండింటి బరువు తోచును. ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువగా కూడ తోచును. చెప్పినవాడు కల్లలాడలేదు. నాణెము బరువు పెరుగలేదు.

అతని తరువాత ఫెక్నర్ బరువుల నెత్తి పోల్చు పరీక్షను 24 వేలకు పైగా సార్లు చేసి, 1860లో ఫలితములను ప్రకటించెను. ఏది ముందెత్తినది, ఏది తరువాత ఎత్తినది అనుదానిని బట్టి కూడ తీర్పు ఒక వైపునకు మొగ్గునని తేలెను. కనుక వరుస మార్చి మార్చి ఎత్తవలసి వచ్చెను. తక్కెడమీద అనుమానము కలిగినపుడు సరకును ఈ పళ్ళెమునుండి ఆ పళ్ళెమునకు మార్చి తూచు వర్తకునికి ఇది క్రొత్త సంగతి కాదు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. మధుమేహ రోగి పాదమున స్పర్శ ఉన్నదో లేదో చూచుటకు వైద్యులు సుమారు 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును వాడుదురు. రోగి చూడరాదు. కాని పోగు తాకించిన ప్రతిసారియు "ఇప్పుడు తెలియుచున్నదా?" అని అడిగిన యెడల ఆ ప్రశ్నయే జవాబు నందించును. మర్యాదచేతనో, భయముచేతనో రోగి "తెలియుచున్నదండి" అనును. కాయకాచిన చోట తాకించినచో స్పర్శ ఉన్నవాడు కూడ లేనివానివలె కనబడును. కాలివ్రేలు పైకి కదిలినదో క్రిందికి కదిలినదో అడుగునపుడు దానిని పైన, క్రింద పట్టుకొన్నచో ఆ ఒత్తిడియే దిక్కును చెప్పివేయును. అందుచేత ప్రక్కల పట్టుకొనవలెను.

స్పర్శ లేకున్నను ఉన్నదని వ్రాయించుకొని వెళ్ళిన రోగి పాదమున మేకు దిగినను ఎరుగడు. పుండు ముదిరిన తరువాత కాలే పోవచ్చును.

మరి దోషమెవరిది? రోగి తనకు తోచినది చెప్పెను. అడిగినవాడు మోసము తలపెట్టలేదు. నిజమే, కాని అరిగిన రాయితో తూచిన వర్తకుడు మోసము తలపెట్టకపోయినను, కొన్నవాని నష్టము నష్టమే. రాయిని సరిచూచుకొనుట తూచువాని ధర్మము. ప్రశ్నను సరిచూచుకొనుట అడుగువాని ధర్మము. నడుమ నొకసారి పోగు తాకింపకుండనే అడుగవలెను. అప్పుడు కూడ "తెలిసినది" అన్నచో, రోగిని నిందింపక పరీక్షను దిద్దుకొనవలెను.

అంగడిలోను ఇంతే. "లెక్క సరిపోయినదా?" అని గుమాస్తాను గద్దించి అడిగి, "సరిపోయినదండి" అనిపించుకొన్న యజమానికి తెలిసినది గుమాస్తా భయమే గాని లెక్క కాదు.