పాటలో పశ్చాత్తాపము

భక్తుడు తన మనస్సును తానే నిందించుకొనుచు పాడిన పాట వినువారి హృదయమును కరిగించును. కరిగిన హృదయము మారునా యన్నది వేరు ప్రశ్న. సోమవారము రాత్రి మఠములో వచనగానము విని కన్నులు తుడుచుకొనిన వర్తకుడు, మంగళవారము ఉదయమున అంగడి తెరచి ఆ దొంగతూకపు రాళ్లనే తక్కెడలో వేసినచో ఆ కన్నీటికి అర్థమేమి? పాట వానిని మేల్కొలిపినదా, లేక ‘ఏడ్చితిని గదా, చాలును’ అను తృప్తి నిచ్చి నిద్రపుచ్చినదా?

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కొలువున ఉన్నతాధికారియై యుండెను. ఎందరో తనకు చేతులు మోడ్చుచుండగా ఆయన తన మనస్సును కొమ్మనుండి కొమ్మకు దూకు కోతితో పోల్చుకొనెను. ఇది వినయము కొఱకు పలికిన మాట యని కొందఱందురు. అట్లనుట తొందరపాటు. వినయము సభను చూచి పలుకును. ఈ మాట కూడల సంగమదేవునితో పెట్టుకొనిన మొఱ.

అక్కమహాదేవి పట్టుపురుగును చూపినది. అది తన లోని సారముతోనే గూడల్లుకొని, ఆ దారములలోనే చిక్కి చచ్చును. కోరికల వలన తనకును అట్టి గతియే పట్టుచున్నదని చెన్నమల్లికార్జునునితో చెప్పుకొని, ఆ చిక్కు త్రెంపుమని ఆమె వేడినది. గూడల్లినది పగవాడు కాడు. సినిమాపాటల విషాదములో తఱచుగా విధియో, లోకమో, విడిచిపోయిన ప్రియుడో దోషి యగును. ఇచ్చట దోషి తానే. కనుక క్రొత్త బ్రదుకు కోరుటయనగా తన్ను తాను కోతకు అప్పగించుకొనుటయే.

ఆ కోత యెట్టిదో బసవేశ్వరుని మఱియొక వచనము తెలుపును. తన దేహమును వీణాదండముగను, శిరస్సును సొరబుఱ్ఱగను, నరములను తంత్రులుగను చేసి, గట్టిగా నొక్కి వాయింపుమని ఆయన దేవుని అడిగెను. బొబ్బిలిలో పనసకఱ్ఱతో వీణలు చేయువారి పని చూచినవారికి ఈ కోరికలోని కాఠిన్యము తెలియును. కఱ్ఱను కోయవలెను, తొలువవలెను. బుఱ్ఱలోని గుజ్జు తీసివేయవలెను. తీగెను బిగింపనిదే స్వరము పలుకదు. ఓదార్పు కోరువాడు ఇట్లడుగునా?

తనకు తాళము తెలియదనియు, తన ప్రీతి కొలది పాడుదుననియు ఆయనయే చెప్పుకొనెను. తరువాతి కాలమున మల్లికార్జున మన్సూర్ (1910–1992) వంటి విద్వాంసులు వచనములను హిందుస్తానీ రాగములలో పాడిరి. రాగమాధుర్యము వేదనను కప్పివేయునని శంకింప నక్కఱలేదు. లోపము, ఉన్నచో, విని లేచిపోవువానిది.

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమేరి బ్రదుకువాడు. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. వచనకర్త్రియైన అతని భార్య లక్కమ్మ అది చూచి కన్నీరు పెట్టలేదు. ఇది ఆశ యని చెప్పి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మారయ్య మూట నెత్తికెత్తుకొని మరల వీధిలోనికి నడచెను.